కొరత ఎవరి కూర్పు? – ఓపెన్ వరల్డ్ వీడియో గేముల్లో ఆయుధ సవరణ, వనరుల లేమి: కొల్లేటి వైపు నుంచి ఒక వాదం

సారాంశం

ఓపెన్ వరల్డ్ వీడియో గేముల్లో ఆయుధాలను విప్పి, మార్చి, తిరిగి కూర్చుకోవడం ఒక ప్రధాన వ్యాపారం. అందుకు కావలసిన వస్తువులు చాలినన్ని దొరకకపోవడం దానికి జంట నియమం. ఈ రెండూ కథకు పక్కన ఉండే హంగులు కావనీ, ఆ ఆటల్లో కథనం నడిచేది వీటి ద్వారానేననీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఆటలోని కొరత రచయితలు కూర్చిన కొరత. దానిని చదవడానికి తెలుగు సాహిత్య అధ్యయనం దగ్గర మూడు సాధనాలున్నాయి: కవిత్రయ భారతంలోని ఆయుధ వృత్తాంతాలు, వృత్తిపదకోశ సంప్రదాయం, కొల్లేరు వంటి ప్రాంతాల జీవితానుభవం. వాటిని వాడకుండా వీడియో గేమును వ్యసనంగానో, పురాణాలకు నకలుగానో తేల్చివేయడం విమర్శ అనిపించుకోదని ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: వీడియో గేములు, కథనం, ఆయుధ సవరణ, కొరత, కవిత్రయం, కొల్లేరు, వృత్తిపదాలు.

1. ప్రస్తావన

తెలుగునాట వీడియో గేముల గురించిన చర్చ నిషేధాల సందర్భంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందెపు ఆటలను నిషేధించాలని నిర్ణయించింది. ఆ చర్చల్లో పేకాటను, తుపాకుల ఆటను, కథాప్రధానమైన ఆటను ఒకే గాటన కట్టడం పరిపాటి అయింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను తక్కినవాటి నుంచి వేరుచేసింది. చట్టం చేసిన ఈపాటి విభజననైనా సాహిత్య విమర్శ చేసుకోవలసి ఉంది.

ఈ వ్యాసం పరిధి పందెపు ఆటలు కాదు. ఒక విశాలమైన కల్పిత భూభాగంలో ఆడేవారు ఒక పాత్రను ధరించి, తమ ఇష్టం వచ్చిన దారిన తిరుగుతూ, కథను ముందుకు నడిపే ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేములు, వాటికి సన్నిహితమైన సాహస క్రీడలు మాత్రమే ఇక్కడి చర్చావస్తువు. ఒక్కొక్కటి పూర్తి కావడానికి పదుల గంటలు పట్టే ఈ ఆటల్లో పాత్రలున్నాయి, సంభాషణలున్నాయి, ఉపాఖ్యానాలున్నాయి. వీటిని సాహిత్య విద్యార్థి పట్టించుకోవాలని చెప్పేవారు సైతం సాధారణంగా ఈ భాగాలనే చూపిస్తారు. ‘ది విచర్’ ఆటలకు మూలం పోలిష్ రచయిత ఆంద్రే సప్కోవ్‌స్కీ కథలనీ, అందుకే అవి సాహిత్యమనీ వాదిస్తారు. ఈ సమర్థన నాకు సమ్మతం కాదు. నాటకాన్ని సంభాషణల కోసమే చదివి రంగస్థలాన్ని వదిలేయడం వంటిదే ఇది. ఆడేవారు ఈ ఆటల్లో ఎక్కువ సమయం గడిపేది సంభాషణలు వినడంలో కాదు. వెతకడంలో, ఏరుకోవడంలో, విప్పడంలో, బిగించడంలో, దేన్ని మోయాలి దేన్ని వదలాలి అని లెక్క చూసుకోవడంలో. ఆ లెక్కలో కథ ఉందా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఎస్పెన్ ఆర్సెత్ ‘సైబర్‌టెక్స్ట్’, జానెట్ మరే ‘హామ్లెట్ ఆన్ ది హోలోడెక్’ రెండూ 1997లోనే వెలువడ్డాయి. నియమాలే ఒక వాదాన్ని వినిపించగలవన్న ఇయాన్ బోగోస్ట్ ప్రతిపాదన 2007లో ‘పర్స్యూయసివ్ గేమ్స్’ గ్రంథంలో వచ్చింది. మన దేశం నుంచి సౌవిక్ ముఖర్జీ 2017లో వీడియో గేములను వలసానంతర దృష్టితో పరిశీలించిన గ్రంథం వెలువరించారు. కాబట్టి రంగం కొత్తదన్న సాకు చెల్లదు. తెలుగు వైపు నుంచి ఈ రంగానికి చేర్చగలిగినది ఏమిటన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

2. లెక్కలో నడిచే కథ

బెథెస్డా సంస్థ 2015లో విడుదల చేసిన ‘ఫాలౌట్ 4’ను ముందుగా చూద్దాం. అణుయుద్ధం జరిగిన రెండు వందల ఏళ్ల తరువాతి బోస్టన్ పరిసరాలు దీని రంగస్థలం. పాడుబడ్డ ఇళ్లలో, కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో నాటి వస్తువులు పడి ఉంటాయి: బల్లమీది ఫ్యాను, టైపు మిషను, కాఫీ కప్పు, అంటుకునే టేపు చుట్ట. వెనకటి ఆటల్లో వీటిలో చాలా భాగం చెత్త. ఈ ఆటలో ప్రతి వస్తువూ కొన్ని ముడిసరుకుల మూట. ఫ్యానును విప్పితే మరలు వస్తాయి. టేపు చుట్ట నుంచి జిగురు వస్తుంది. ఆ మరలు, జిగురు, అల్యూమినియం ఉంటేనే తుపాకీకి కొత్త గొట్టమో, పిడో, గురిచూసే అద్దమో అమర్చుకోవడం సాధ్యం. మరలు, జిగురు ఎప్పుడూ కటకటే.

ఈ నియమం ఆడేవారి చూపును మార్చివేస్తుంది. మొదట్లో ఒక శిథిల గృహంలోకి వెళ్లినప్పుడు ఊయల, భోజనపు బల్ల, గోడమీది బొమ్మ కనిపిస్తాయి. పది గంటలు ఆడిన తరువాత అదే ఇంట్లో మరలు, జిగురు, రాగి కనిపిస్తాయి. ఒక కుటుంబం బతికిన గది ముడిసరుకుల గిడ్డంగిగా మారిపోతుంది. నాగరికత కూలిన తరువాత మనిషి ఎలా చూస్తాడు అన్న విషయాన్ని ఏ పాత్రా ఉపన్యసించలేదు. జిగురు కొరతే ఆ పని చేసింది. ఒక నవల దీనిని వర్ణనతో సాధిస్తుంది. ఇక్కడ నియమం సాధించింది. వర్ణనను శిల్పమని విశ్లేషించే మనం నియమాన్ని సాంకేతిక విషయమని వదిలేయడానికి హేతువు కనబడదు.

జిగురు విషయంలోనే మరొక వివరం గమనింపదగినది. ఈ ఆటలో మొక్కజొన్నను, మరి రెండు రకాల పంటలను శుద్ధజలంతో కలిపి వండితే ఒక పిండిముద్ద తయారవుతుంది; దానిని విప్పదీస్తే జిగురు వస్తుంది. అంటే ఆయుధ సవరణకు కావలసిన జిగురు పొలంలో పండించుకోవచ్చు. అలా పండించాలంటే ఒక చోట స్థిరపడాలి, నీరు చూసుకోవాలి, పొలాన్ని దోపిడిగాళ్ల నుంచి కాపాడుకోవాలి. ఏరుకు తినే మనిషిని సేద్యగాడుగా మార్చే మలుపు ఇది. పడుగుకు గంజి పెట్టే నేతగాడికీ, మెతుకుతో గాలిపటం అంటించే పిల్లవాడికీ తెలిసిన జ్ఞానం ఇక్కడ కథాగమనాన్నే మార్చే మెలికగా నిలిచింది. గంజి అన్న మాట ఉన్న భాషలో ఈ మలుపును వివరించడం ఎంత సులువో వేరే చెప్పనక్కరలేదు.

కొరతను కూర్చే పద్ధతులు ఆట ఆటకూ మారతాయి. ‘ఫాలౌట్ 3’ (2008), ‘ఫాలౌట్: న్యూ వేగస్’ (2010) ఆటల్లో ఆయుధం వాడిన కొద్దీ అరుగుతుంది. దానిని బాగుచేయాలంటే మామూలుగా అటువంటి ఆయుధమే మరొకటి బలిపెట్టాలి. ‘ఫాలౌట్ 4’లో ఆ అరుగుదలను తీసివేసి విప్పదీతను పెట్టారు. దానికే 2016లో చేర్చిన సర్వైవల్ విధానంలో తూటాలకు సైతం బరువుంటుంది. ఆకలి, దాహం, నిద్ర లెక్కలోకి వస్తాయి. మంచం దొరికి నిద్రపోతే తప్ప ఆటను భద్రపరచుకోవడం కుదరదు. నింటెండో 2017లో తెచ్చిన ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో కత్తులు కొన్ని దెబ్బలకే విరిగిపోతాయి. దానికి కొనసాగింపుగా 2023లో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’లో చీకిపోయిన కత్తికి రాయినో, కొమ్మునో, దొరికినదేదో అతికించుకునే శక్తి నాయకునికి ఇచ్చారు. మొదటి ఆట మమకారం వద్దంటుంది. రెండవ ఆట అతుకు వేసే చేతిని నమ్మమంటుంది. ఒకే నాయకుడు, ఒకే రాజ్యం. కొరతను కూర్చిన తీరు మారగానే జీవనదృష్టి మారింది.

కాబట్టి ఈ ఆటల్లో కొరత అనేది సహజంగా ఏర్పడిన లేమి కాదు. ఏ వస్తువు ఎన్ని దొరకాలి, ఎంత బరువు ఉండాలి, ఎన్ని దెబ్బలకు విరగాలి అని ఎవరో కూర్చుని నిర్ణయించారు. ఛందస్సులో గణం ఎంత ఉద్దేశపూర్వకమో ఇది అంతే ఉద్దేశపూర్వకం. ఉద్దేశం ఉన్నచోట విమర్శకు పని ఉంది.

3. ‘అన్నీ మన భారతంలో ఉన్నవే’ అన్న మాట

ఈ వాదం వినిపించినప్పుడల్లా సభల్లో ఒక సమాధానం వస్తుంది: దివ్యాస్త్రాలు, అక్షయ తూణీరాలు, జమ్మిచెట్టు మనకు ఉండగా ఈ ఆటలు కొత్తగా చెప్పేదేముంది? ఈ మాటలో గర్వం ఉంది గాని పరిశీలన లేదు. నిజంగా పరిశీలిస్తే భారతం, ఈ ఆటలు ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది. ఆ విడిపోయే చోటే మనకు పనికివచ్చే విషయం ఉంది.

కవిత్రయ భారతాన్ని ఆయుధాల జీవితచరిత్రగా ఒకసారి చదివి చూడవచ్చు. ఖాండవదహన వేళ అగ్నిదేవుని ప్రమేయంతో వరుణుని నుంచి అర్జునునికి గాండీవం, అక్షయ తూణీరాలు లభిస్తాయి. అరణ్యంలో కిరాతరూపుడైన శివునితో పోరాడి పాశుపతం పొందుతాడు. ఈ రెండు ఘట్టాలూ నన్నయ భాగంలోనివి. అరణ్యపర్వ శేషంలో కర్ణుడు సహజ కవచకుండలాలను ఇంద్రునికిచ్చి ఒక్కసారికే పనికివచ్చే శక్తిని తీసుకుంటాడు. ఇది ఎర్రన భాగం. విరాటపర్వంలో పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టుపై దాస్తారు. ద్రోణపర్వంలో కర్ణుడు దాచుకున్న ఆ శక్తి ఘటోత్కచునిపై ఖర్చయిపోతుంది. మౌసలపర్వంలో అర్జునునికి అస్త్రాలు స్ఫురించవు, తరగవనుకున్న బాణాలు తరిగిపోతాయి. చివరకు మహాప్రస్థానంలో గాండీవాన్ని నీటికి తిరిగి అప్పగిస్తాడు. ఇవి తిక్కన భాగం. రాబడి, మారకం, దాపరికం, ఖర్చు, తరుగు, తిరిగి అప్పగింత – ఒక ఆయుధానికి ఉండగల దశలన్నీ ముగ్గురు కవుల చేతిలో పూర్తయ్యాయి.

ఈ వరుసలో కనిపించనిది ఒకటుంది. గాండీవాన్ని ఎవరూ విప్పి సవరించరు. భారతంలో ఆయుధపు భాగాలు మారవు. ఆయుధంతో మనిషికున్న సంబంధం మారుతుంది. అస్త్రం వరంగా వస్తుంది, శాపంగా పోతుంది, అప్పుగా తిరిగి చెల్లుతుంది. అక్కడ కొరతకు కారణం ఋణం. కర్ణునికి శక్తి ఒక్కసారికే పనికిరావడం సరుకు లేకపోవడం వల్ల కాదు, ఒప్పందం వల్ల. ఆటలో దీనికి విపర్యయం. తుపాకీలో ప్రతి భాగమూ మారుతుంది. దానిని ఇచ్చినవారు, దానికి బాకీపడినవారు ఉండరు. శిథిల గృహంలోని ఫ్యాను ఎవరిది అన్న ప్రశ్నను ఆ నియమం అడగనివ్వదు. సజీవులైన పాత్రల ఇళ్లలో వస్తువు తీసుకుంటే దొంగతనమని ఈ ఆటలు గుర్తిస్తాయి. చనిపోయినవారి ప్రపంచమంతా మాత్రం కనబడినవాడి సొత్తు.

‘అన్నీ మన దగ్గర ఉన్నవే’ అన్నవారు ఈ భేదాన్ని చెరిపివేస్తున్నారు. నన్నయ భారతం రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో, వేంగీ చాళుక్యుల రాజ్యంలో పుట్టింది. ఆ రాజ్యానికి పేరిచ్చిన వేంగి నేటి ఏలూరు పక్కన ఉన్న పెదవేగి. ఆ ప్రాంతపు పరిశోధకునిగా నాకు భారతం మీద గౌరవం ఎవరికన్నా తక్కువ లేదు. ఆ గౌరవం భారతాన్ని కొలమానంగా వాడడానికి పనికిరావాలి, తలుపు మూయడానికి కాదు. ఋణం లేని ఆయుధం ఎటువంటి లోకాన్ని సృష్టిస్తుంది అని ఈ ఆటలను అడగగలిగిన విమర్శకుడు భారతం చదివినవాడే. ఆ ప్రశ్నను మనం అడగకపోతే అడిగేవారు అరుదు.

4. వల కన్ను, చెరువు గట్టు

రెండవ కొలమానం మరీ దగ్గరది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. ఏలూరు నుంచి కైకలూరు దాకా ఈ నీటి మీద బతికిన వారి పనిముట్లలో ఆయుధ సవరణ నిత్యకృత్యం. వల కన్ను ఎంత ఉండాలి, బెండ్లు ఎన్ని కట్టాలి, గుండ్లు ఎంత బరువుండాలి అన్నది నీటి లోతునూ చేపనూ బట్టి మారుతుంది. ఊతను లోతులేని నీటిలో అదిమి, పై నుంచి చేయి పెట్టి చేపను తీస్తారు. అది చేయి అందినంత మేరకే పట్టే పనిముట్టు.

ఇక్కడొక సూత్రం ఉంది. వల కన్ను చిన్నదయితే ఈ రోజు పట్టు పెరుగుతుంది. పిల్లచేప కూడా వలలో పడుతుంది గనుక వచ్చే ఏటి పట్టు తగ్గుతుంది. పనిముట్టును సవరించడం కొరతకు విరుగుడు మాత్రమే కాదు, కొరతకు కారణం కూడా కాగలదు. ఈ సూత్రపు అతి పెద్ద ఉదాహరణ చెరువు గట్టు. 1970లలో మత్స్యకార సహకార సంఘాల కోసం మొదలైన చెరువుల తవ్వకం, తరువాతి దశాబ్దాలలో పెట్టుబడిదారుల లీజులుగా, పొక్లెయిన్లతో పోసిన గట్లుగా సరస్సంతా పరుచుకుంది. ఊత చేయి అందినంత పట్టింది, వల విసిరినంత పట్టింది. గట్టు సరస్సునే పట్టుకుంది. 1999లో 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువుల గట్లను తెగగొట్టారు. కాంటూరును 5 నుంచి 3కు తగ్గించాలన్న డిమాండు ఆ తరువాత కూడా సద్దుమణగలేదు. కొల్లేటిలో ఎవరికి నీరు, ఎవరికి చేప, ఎవరికి నేల అన్నది ఒక గీత ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి ఉంది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల ఈ ప్రాంతంలో తెలుగు పాఠకునికి తెలిసిన విషాదాన్ని కథగా నిలిపింది; ఉమ్మడి నీరు కొందరి సొత్తుగా మారడమెట్లాగో ఆ నవల చదివినవారికి వివరించనక్కరలేదు.

ఈ కంటితో ఆటల్లోకి తిరిగి చూస్తే వాటి గుట్టు బయటపడుతుంది. ‘ఫాలౌట్ 4’లో ఖాళీచేసిన చోటికి ఆట కాలమానంలో కొంతకాలం ఆగి వెళ్తే వస్తువులు తిరిగి పుట్టి ఉంటాయి. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో ఎర్రని చంద్రుడు ఉదయించిన రాత్రి చచ్చిన శత్రువులు లేస్తారు, వారి ఆయుధాలూ తిరిగి వస్తాయి. ఏరుకోవడం వల్ల, సవరించుకోవడం వల్ల ఆ లోకానికి శాశ్వత నష్టం ఏమీ జరగదు. జిగురు ఎప్పుడూ చాలదు, అయినా జిగురు ఎన్నటికీ అయిపోదు. కొరత వల్ల కలిగే ఆరాటాన్ని ఈ ఆటలు ఇస్తాయి; కొరతకు మనమూ కారణమన్న బాధ్యతను ఇవ్వవు. నా ప్రధాన ఆక్షేపణ ఇదే. హింస ఉందనో, పిల్లలు చెడిపోతారనో చేసే ఆక్షేపణలకన్నా ఇది లోతైనదని నా విశ్వాసం. ఎందుకంటే ఇది ఆటను దాని సొంత నియమాల ప్రాతిపదికన నిలదీస్తుంది.

ఆట అన్న మాధ్యమానికే ఇది అసాధ్యమని ఎవరైనా అంటే సమాధానం ఉంది. రాక్‌స్టార్ సంస్థ 2010లో విడుదల చేసిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ పాత్రపోషణ క్రీడ కాకపోయినా ఓపెన్ వరల్డ్ ఆటే. అందులో మైదానంలోని అడవిదున్నలను చంపితే అవి తిరిగి పుట్టవు. చివరి దున్నను కూడా చంపినవారికి ఆట ఒక గుర్తింపు ఇస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా తన విస్తరణను సమర్థించుకోవడానికి వాడిన నినాదం ‘మానిఫెస్ట్ డెస్టినీ’ని దానికి పేరుగా పెట్టారు. బహుమతి రూపంలో వచ్చిన ఆ చెంపదెబ్బ ఆ తరువాత మైదానం ఖాళీగా ఉన్నంతకాలం గుర్తుండిపోతుంది. ఒక నియమాన్ని మార్చితే ఆట నైతిక ప్రశ్న వేయగలదని దీనితో రుజువవుతోంది. మిగిలిన ఆటలు ఆ పని చేయకపోవడం అశక్తత కాదు, ఎంపిక. ఎంపికను ప్రశ్నించడమే విమర్శ ధర్మం.

కొరత కూర్చబడుతుందన్న సంగతి ఈ ప్రాంతపు సామాన్యునికి కొత్త కాదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి సరుకు వస్తుంది. ధర పెరిగిన రోజున అది పంట లేక పెరిగిందా, నిలవ పెట్టడం వల్ల పెరిగిందా అన్న అనుమానం ప్రతి కొనుగోలుదారుకీ వస్తుంది. ఆ అనుమానాన్ని పద్ధతిగా మార్చుకుంటే చాలు. ఈ ఆటలకు కావలసిన విమర్శ అందులో ఉంది.

5. పేరు పెట్టలేని పాఠకుడు

ఇంకొక నష్టం భాషకు సంబంధించినది. తాడేపల్లిగూడెం, ఏలూరు విద్యార్థి వసతిగృహాల్లో ఈ ఆటలు ఇంగ్లీషులో సాగుతాయి. వాటి గురించిన వాదులాట మాత్రం తెలుగులో సాగుతుంది. ఆ తెలుగులో క్రియలు మనవి, నామవాచకాలన్నీ పరాయివి. క్రాఫ్ట్ చేశాను, అప్‌గ్రేడ్ చేశాను, లూట్ చేశాను. అన్యదేశ్యాలపై నాకు వ్యతిరేకత లేదు. బస్సు, రైలు, సైకిలు మన మాటలే. నా అభ్యంతరం సూక్ష్మభేదాలు పోవడం మీద. కొడవలికి కక్కు కొట్టించడం వేరు, సాన పట్టడం వేరు, కర్రు సాగగొట్టించడం వేరు, పిడి తొడగడం వేరు, అతుకు వేయడం వేరు. అరిగినదాన్ని నిలబెట్టడం, ఉన్నదాన్ని పదునుచేయడం, లేనిదాన్ని చేర్చడం అన్న మూడు వేర్వేరు వ్యాపారాలను ‘అప్‌గ్రేడ్’ ఒక్కటిగా కుదించివేస్తుంది. నేను పైన మూడు ఆటల్లో చూపిన భేదం – అరుగుదల, విప్పదీత, అతుకు – తెలుగు క్రియలతో ఆలోచించడం వల్లనే నాకు స్పష్టపడింది.

ఈ పనికి మన శాఖలలో పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి శాస్త్రీయంగా కూర్చింది; తరువాతి సంపుటం చేనేత పదాలను చేపట్టింది. పనిముట్టును, దాని భాగాన్ని, దాని మీద జరిగే పనిని వేరువేరుగా నమోదుచేయడం ఆ కోశం నేర్పిన క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణతో ఒక ఆటను చదివితే వచ్చేది పదాల జాబితా మాత్రమే కాదు. ఆ ఆట శ్రమను ఎలా ఊహిస్తోందన్న విశ్లేషణ. కొలిమి దగ్గర ఇద్దరు చేసే పనిని ఆట ఒక మీట నొక్కుడుకు ఎలా కుదించిందో చెప్పాలంటే ఆ ఇద్దరి పనికీ ఉన్న పేర్లు తెలిసి ఉండాలి.

6. రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: మూలం తెలుగు కానప్పుడు తెలుగు శాఖకు ఏమి సంబంధం? తులనాత్మక అధ్యయనం పేరిట రష్యన్ నవలను, ఫ్రెంచి కథను తెలుగు రచనల పక్కన పెట్టి పరిశీలించడాన్ని మనం చాలాకాలం క్రితమే అంగీకరించాం. తెలుగు పాఠకుడు అనుభవిస్తున్న కథనం ఏ భాషలో పుట్టినా దాని గ్రహణం తెలుగు విమర్శకు సంబంధించిన విషయమే.

రెండవది బలమైనది: ఇద్దరు ఆడిన ఆట ఒకటిగా ఉండదు గనుక పరిశోధనకు స్థిరమైన పాఠం లేదు. మౌఖిక సాహిత్యం విషయంలోనూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఒకే వీరగాథ గాయకుడు గాయకుడికీ, రాత్రి రాత్రికీ మారుతుంది. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయసాహిత్యంపై బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన, ఆ తరువాతి జానపద విజ్ఞాన కృషి, పాఠాంతరాలను లోపంగా కాక సామగ్రిగా చూడడం నేర్పాయి. మారేది ఏది, మారనిది ఏది అని విడదీయడం అక్కడి పద్ధతి. ఆటలో మారేది ఆడేవారి దారి. మారనివి నియమాలు. ఎవరు ఆడినా ఫ్యానులో మరలే ఉంటాయి, గంజి నుంచి జిగురే వస్తుంది. స్థిరపాఠం కావాలన్నవారికి నియమావళికన్నా స్థిరమైన పాఠం దొరకదు.

వ్యసనం గురించిన ఆందోళనను నేను తేలికగా తీసుకోవడం లేదు. గంటల తరబడి తెర ముందు కూర్చునే విద్యార్థి పట్ల తల్లిదండ్రుల భయం వాస్తవం. అయితే ఆ భయానికి విమర్శ లేకపోవడం మందు కాదు. ‘ఇంకొక్క మర దొరికితే చాలు’ అనిపించేలా కొరతను ఎలా అమర్చారో వివరించగలిగిన విద్యార్థి ఆ అమరికకు లోబడే అవకాశం తక్కువ. ఆడవద్దని చెప్పడం ఇంటివారు చేయగలరు. ఎలా ఆడిస్తున్నారో చూపించడం మాత్రం విశ్వవిద్యాలయమే చేయాలి.

7. ముగింపు

ఈ చర్చ నుంచి తేలిన ప్రతిపాదనలు మూడు. ఒకటి: ఒక ఓపెన్ వరల్డ్ ఆటలోని పనిముట్లు, భాగాలు, వాటిపై జరిగే క్రియలకు తెలుగు వృత్తిపదాల ఆధారంగా వివరణాత్మక పదకోశాన్ని ఒక పిహెచ్.డి. అంశంగా చేపట్టాలి. రెండు: కవిత్రయ భారతంలోని ఆయుధ వృత్తాంతాలను ఋణం, మారకం, తరుగు అన్న దృష్టితో చదివి, ఆ పఠనాన్ని ఆధునిక కథనరూపాలతో పోల్చే పాఠ్యాంశాన్ని తులనాత్మక సాహిత్య పత్రంలో చేర్చాలి. మూడు: కొల్లేరు వంటి ప్రాంతాల గురించిన తెలుగు రచనలను వనరుల కొరత ఎవరు కూర్చారన్న ప్రశ్నతో బోధించాలి, ఆ ప్రశ్నతోనే విద్యార్థి తన చేతిలోని ఆటను కూడా చదవగలగాలి.

ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. మన గ్రంథాలయాల్లో ఉన్న పుస్తకాలు, మన ఊళ్లలో ఇంకా బతికి ఉన్న మాటలు, మన విద్యార్థులకు ఇప్పటికే ఉన్న అనుభవం వీటికి చాలు. వృద్ధ మత్స్యకారులతో, కమ్మరులతో పాటు ఆ మాటలు వెళ్లిపోతే మాత్రం ఈ పని చేయాలనుకున్నా సాధ్యపడదు. వీడియో గేములో పోయిన వస్తువు కొన్నాళ్లకు మళ్లీ పుడుతుంది. వల కన్నుకూ, ఊతకూ, కక్కుకూ, కొల్లేటి నీటికీ ఆ నియమం వర్తించదు.